నింద హైపో మీద, ఇనుము బోరులో

సాయంత్రం అడుగున టైల్స్ మధ్య గీతలు కూడా కనిపించేంత తేటగా ఉన్న పూల్ నీళ్లు, రాత్రి హైపో (నీళ్లను శుద్ధి చేసే క్లోరిన్ ద్రావణం) పోశాక తెల్లారేసరికి పలుచని టీ రంగులోకి తిరుగుతాయి. హనుమకొండ శివార్లలో ఫామ్‌హౌస్ కావచ్చు, కాజీపేట వైపు అపార్ట్‌మెంట్ కావచ్చు, బోరు నీళ్లతో కొత్తగా నింపిన పూల్‌లో మొదటి టెన్షన్ చాలాసార్లు ఇదే. హైపో కల్తీదని ఒకరంటారు, నాచు మొదలైందని ఇంకొకరంటారు. ఆ కంగారులో మరో డబ్బా హైపో పడుతుంది. రంగు తగ్గకపోగా ముదురుతుంది.

హైపో ఇక్కడ చేసిన నేరం ఏమీ లేదు. బోరు నీళ్లలో కంటికి కనిపించకుండా కరిగి వచ్చిన ఇనుమును అది కనిపించేలా చేసింది, అంతే. ఒక రకంగా ఆ రంగు మంచి సూచనే. కనిపించే తుప్పును వడకట్టవచ్చు, కరిగి ఉన్న ఇనుమును వడకట్టలేం. పూల్ మందులు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కలగాపులగం చేసేది ఈ ఒక్క విషయాన్నే: రంగు పోవడం వేరు, లోహం పోవడం వేరు. రంగును ఒక్క రాత్రిలో మాయం చేసే మందులు ఉన్నాయి. వాటిలో చాలా వరకు లోహాన్ని పూల్‌లోనే ఉంచి దాని మీద ముసుగు కప్పేవి. ముసుగు జారిన రోజున రంగు మళ్లీ వస్తుంది, గోడల మీద మరకలతో సహా.

బోరు అడుగున జరిగేది

వరంగల్, హనుమకొండ, జనగామ వైపు భూమి అడుగున ఎక్కువగా ఉన్నవి గ్రానైటు, నైస్ (gneiss) అనే చారల రాళ్లు. భూపాలపల్లి, రామగుండం, మంచిర్యాల వైపు వెళ్తే గోదావరి లోయలోని ఇసుకరాళ్లు, వాటి మధ్య బొగ్గు పొరలు. ఇనుము ఈ ప్రాంతానికి కొత్త కాదు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం గుట్టల ఇనుప ఖనిజం సంగతి ఉక్కు ఫ్యాక్టరీ డిమాండ్ పుణ్యమా అని అందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వ్యాపారులు వెతుక్కుంటూ వచ్చేవారు. అయితే బోరు నీళ్లలో ఇనుము రావడానికి కింద ఖనిజం గని ఉండనక్కర్లేదు. మామూలు గ్రానైటులో మెరిసే నల్ల అభ్రకం పొరల్లోనూ ఇనుము ఉంటుంది. గాలి తగలని లోతులో నీళ్లు ఆ రాతిని ఏళ్ల తరబడి నానబెడితే కొంచెం కొంచెంగా కరిగి వస్తుంది.

అక్కడ ఆక్సిజన్ లేదు కాబట్టి ఆ ఇనుము ఫెర్రస్ రూపంలో ఉంటుంది. ఉప్పు కరిగినట్టే కరిగి ఉంటుంది, రంగు ఉండదు. పైకొచ్చి గాలి తగిలాక ఆక్సిజన్ దాన్ని ఫెర్రిక్ రూపంలోకి మారుస్తుంది. ఫెర్రిక్ ఇనుము నీళ్లలో కరగదు, గోధుమరంగు తుప్పు రేణువులుగా విడిపోతుంది. గాలి ఈ పనిని గంటల తరబడి చేస్తే క్లోరిన్ చూస్తుండగానే చేసేస్తుంది. నీళ్ల పులుపు, క్షారం చెప్పే అంకె పీహెచ్; అది తగ్గితే నీళ్లు పుల్లన. ఆ పీహెచ్ ఒక మెట్టు పెరిగితే గాలితో జరిగే మార్పు కూడా దాదాపు వంద రెట్లు వేగం అందుకుంటుంది. అందుకే పుల్లటి బోరు నీళ్లు పూటంతా తేటగా ఉండి మోసం చేస్తాయి.

ఊళ్లలో ఈ సంగతి కెమిస్ట్రీ లేకుండానే తెలుసు. ఫలానా బోరు నీళ్లతో ఉతికితే తెల్లబట్టలు పసుపెక్కుతాయని, బకెట్ లోపల ఎర్ర గీత పడుతుందని, ఆ నీళ్లతో టీ పెడితే మామూలు కంటే నల్లగా వస్తుందని ఆడవాళ్లు చెబుతూనే ఉంటారు. టీ మాట ఉబుసుపోక కబురు కాదు. టీ ఆకులోని వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నల్లటి రంగు పుడుతుంది. కరక్కాయ కషాయంలో ఇనుము కలిపి నల్ల అద్దకం తీసేది కూడా ఈ పద్ధతిలోనే. పూల్ గట్టున ఉన్న బాదం చెట్టు ఆకులు రాలి అడుగున రెండు రోజులుంటే, నీళ్లలో ఇనుము ఉన్నచోట ఆకు అచ్చు నల్లగా దిగిపోవడానికీ కారణం అదే.

లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే ఇనుము బట్టలకూ పాత్రలకూ మరక వేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రామును వాడుకలో ఒక పీపీఎం అంటారు. ఈ అంకె మరీ చిన్నదిగా అనిపిస్తుంది కాబట్టి పూల్ కొలతలో చూడాలి. 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు ఉన్న పూల్‌లో 86 వేల లీటర్ల చిల్లర పడుతుంది. బోరులో ఇనుము ఒక్క పీపీఎం ఉన్నా ఒకసారి నింపేసరికి 86 గ్రాముల ఇనుము లోపలికి చేరినట్టు. అది తుప్పుగా మారి ఎండితే పావుకిలోలో సగం దాటుతుంది. అంత తుప్పును మెత్తగా నూరి పూల్‌లో చల్లితే నీళ్లు ఏ రంగులో ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఎండాకాలం ఈ లెక్కను ఇంకా చెడగొడుతుంది. రోజుకు 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే, మే నెలలో ఇక్కడ అది పెద్ద మాటేమీ కాదు, ఈ పూల్ నుంచి రోజుకు 576 లీటర్లు పోతాయి. పోయేది ఒట్టి నీరే, ఇనుము ఆవిరి కాదు. ఆ లోటును మళ్లీ బోరుతోనే నింపుతారు. రెండు నెలల్లో 34 వేల లీటర్ల పైచిలుకు కొత్త నీళ్లు, వాటితో ఇంకో 35 గ్రాముల ఇనుము. నీటిమట్టం మాత్రం ఎప్పుడూ ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి ఈ పెరుగుదల ఎవరి కంటా పడదు. ఉగాదికి నింపినప్పుడు బాగానే ఉన్న పూల్ జూన్ మొదట్లో ఎందుకు పాడైందో అర్థం కాక తల పట్టుకునేది ఇందుకే.

రంగును చదవడం

పూల్ పచ్చబడితే నాచే అనుకోవడం సహజం. చెరువు నీళ్లు చూసి పెరిగిన కళ్లు అవి. కానీ నాచు పట్టిన నీళ్లు మసకగా ఉంటాయి, గోడ మీద వేలు పెడితే పాకురు జారుతుంది, క్లోరిన్ గట్టిగా పడితే ఒకటి రెండు రోజుల్లో పచ్చదనం తగ్గి బూడిదరంగుకు వస్తుంది. లోహం వల్ల వచ్చిన రంగులో జారుడు ఉండదు, మొదట్లో నీళ్లు తేటగానే ఉండి రంగు మాత్రం మారుతుంది, క్లోరిన్ పడేకొద్దీ ముదురుతుంది. ఇంకో తిరకాసు ఉంది. ఇక్కడి పూల్స్‌లో చాలావాటికి నీలం టైల్సే వేస్తారు. నీలం మీద పలుచని పసుపు నీళ్లు నిలిస్తే కంటికి ఆకుపచ్చే కనిపిస్తుంది. అందుకే పూల్‌ను చూసి కాదు, తెల్ల బకెట్‌లోకి నీళ్లు తీసి చూడాలి. బకెట్‌లో పసుపు, గోధుమ రంగు కనిపిస్తే ఇనుము. నీలం కలిసిన లేత పచ్చ కనిపిస్తే రాగి.

మాంగనీసు అరుదుగా తగులుతుంది, తగిలినప్పుడు మాత్రం జనం హడలిపోతారు. క్లోరిన్ బాగా ఎక్కువైనప్పుడు అది పర్మాంగనేటుగా మారి నీళ్లు గులాబీ, ఊదా రంగులోకి తిరుగుతాయి. వెనకట తాగునీటి బావుల్లో పర్మాంగనేటు పలుకులు వేసినప్పుడు కనిపించిన రంగు అదే. తర్వాత అది గోధుమ, నలుపు మరకలుగా గోడకు దిగుతుంది. క్లోరిన్ పరీక్షనూ ఇది తప్పుదారి పట్టిస్తుంది. ఆక్సీకరణ చెందిన మాంగనీసు ఉంటే, నీళ్లలో గులాబీ రంగు తెప్పించి క్లోరిన్ కొలిచే కిట్‌లో క్లోరిన్ లేకపోయినా ఉన్నట్టే చూపిస్తుంది.

రాగికి మన ఇళ్లలో పాత పరిచయం ఉంది. పెంబర్తి ఇత్తడి సామాను అల్మారాలో వదిలేస్తే పట్టే పచ్చటి చిలుము రాగిదే. పూల్‌లో గోడల మీద దిగే నీలిపచ్చ మరక దాని చుట్టమే. చిలుమును చింతపండుతో తోముతారు. చింతపండులోని పులుపు రాగిని కరిగించి పట్టుకుపోతుంది. పూల్ మరకలకు కంపెనీలు అమ్మే చాలా మందుల వెనక ఉన్న సూత్రం ఇంతకంటే కొత్తదేమీ కాదు. రోజూ పొద్దున ఈతకు వచ్చే పెద్దవాళ్ల తెల్ల జుట్టుకు పచ్చ ఛాయ వస్తే క్లోరిన్‌ను తిడతారు. అది కూడా రాగి పనే, క్లోరిన్‌కు జుట్టును పచ్చబరిచే శక్తి లేదు.

మైలుతుత్తం చేసే మేలు, కీడు

ఇనుము భూమిలోంచి వస్తే, రాగిని చాలాసార్లు మనుషులే చేతులారా పోస్తారు. మిరప, బత్తాయి తోటలు తెలిసిన ఈ ప్రాంతంలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పేరు వినని రైతు ఉండడు. సున్నంతో కలిపితే బోర్డో మిశ్రమం, తెగుళ్లకు మంచి మందు. నాచును కూడా చంపుతుంది. పూల్ చూసుకునే మనిషి చాలాచోట్ల ఆ వ్యవసాయ అనుభవంతోనే వస్తాడు, పచ్చగా కనిపించగానే ఎరువుల దుకాణానికి వెళ్లి ఒక కిలో తెస్తాడు. ఇక్కడ లెక్క చూడాలి. మైలుతుత్తంలో నాలుగో వంతు పైచిలుకు రాగి ఉంటుంది, కిలోకు సుమారు 255 గ్రాములు. ముందు చెప్పిన 86 వేల లీటర్ల పూల్‌లో కిలో వేస్తే రాగి ఒక్కసారిగా మూడు పీపీఎం దగ్గరికి చేరుతుంది. పూల్‌లో రాగి 0.2, 0.3 పీపీఎం దాటకూడదని సాధారణంగా చెబుతారు. అంటే వంద గ్రాములతోనే గీత దగ్గరికి వచ్చేస్తుంది.

ఇనుము కంటే రాగితో చిక్కు ఎక్కువ. క్లోరిన్ పోసినా అది తుప్పులా విడిపోదు, కరిగే ఉంటుంది. పీహెచ్ పెరిగినప్పుడు మాత్రం గోడకు దిగుతుంది. హైపో స్వయంగా చాలా క్షారం ఉన్న ద్రావణం. డబ్బా రోజూ ఒకే మూల వంచితే అక్కడి నీళ్లలో పీహెచ్ ఆ కాసేపు అమాంతం పెరుగుతుంది, ఆ మూలే పచ్చబడుతుంది. పసుపు నీళ్లను నాచు అనుకుని మైలుతుత్తం వేసిన పూల్‌లో ఇక ఇనుమూ ఉంటుంది, రాగీ ఉంటుంది. ఒకదాన్ని దించడానికి చేసే పని రెండోదాన్ని గోడకు అంటిస్తుంది. ఈ రెండూ కలిసిన పూల్‌ను బాగుచేయడం కంటే ఖాళీ చేయడమే తేలిక అని అనుభవం ఉన్న మెకానిక్‌లు అనేది సోమరితనం వల్ల కాదు.

రాగి వచ్చే ఇంకో దారి పైపులోంచి. క్లోరిన్ కోసం పూల్‌లో వాడే ట్రైక్లోర్ బిళ్లలు బాగా పుల్లనివి. నీటి మీది చెత్తను లాగే స్కిమ్మర్ బుట్టలో బిళ్లలు పెట్టి మోటారు ఆపేస్తే రాత్రంతా పుల్లటి నీళ్లు ఇత్తడి వాల్వుల పక్కన నిలబడి వాటిని కొరుకుతాయి. చలిదేశాల్లో పూల్ హీటర్ల రాగి గొట్టాలే ఎక్కువగా నిందకు గురవుతాయి. మన దగ్గర నీళ్లు వేడి చేసుకునే అవసరం ఎవరికి ఉంది కనుక? ఇక్కడ వాల్వులు, ఇతర ఇత్తడి సామాను చూసుకుంటే చాలు. క్లోరిన్ అక్కర్లేదని చెప్పి అమ్మే రాగి, వెండి అయోనైజర్ల పనే నీళ్లలోకి రాగిని వదలడం. వాటిని పెట్టుకుని రాగి మరకల మీద ఫిర్యాదు చేయడం అర్థం లేని పని.

ట్రైక్లోర్‌తో మరో మెలిక కూడా ఉంది. దాని నుంచి వచ్చే ప్రతి పీపీఎం క్లోరిన్‌కు సుమారు 0.6 పీపీఎం సయనూరిక్ యాసిడ్ (క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే పదార్థం) పూల్‌లో మిగిలిపోతుంది. అది కూడా ఆవిరి కాదు. అది వంద పీపీఎం దాటి పెరిగిన చోట రాగి కూడా ఉంటే, చలికాలంలో నీళ్లు చల్లబడినప్పుడు రెండూ కలిసి ఊదారంగు పొడిలా గట్టున, టైల్స్ మీద పేరుకుంటాయి. దాన్ని చూసి మాంగనీసు అనుకుని పొరబడేవాళ్లున్నారు.

కొలత లేకుండా మందు వద్దు

ఖర్చు లేని మొదటి పరీక్ష బకెట్‌ది. బోరు మోటారు పది నిమిషాలు నడిపాక, పైపులో నిలిచిన నీళ్లు పోయాక, తెల్ల బకెట్‌లో పది లీటర్లు పట్టి నాలుగు చుక్కల హైపో వేసి కలపాలి. పావుగంటలో పసుపెక్కితే ఇనుము బోరులోంచే వస్తోంది. బకెట్ తేటగానే ఉండి పూల్ మాత్రం రంగు మారితే, కారణం పూల్ దగ్గరే ఉంది: పైపు, బోల్టు, వేసిన మందు. ఈ ఒక్క పరీక్షతో సగం వాదనలు ఆగిపోతాయి.

తర్వాత అంకెలు కావాలి. ఇనుము, రాగి విడివిడిగా, బోరుకూ పూల్‌కూ వేర్వేరుగా. ఊళ్ల తాగునీటిని పరీక్షించే జిల్లా ల్యాబులు, ప్రైవేటు ల్యాబులు ఈ పరీక్ష చేస్తాయి. అడగాల్సింది మొత్తం ఇనుము. కరిగిన ఇనుమును మాత్రమే కొలిస్తే తుప్పుగా మారిన భాగం లెక్కలోకి రాదు, టీ రంగు పూల్‌కు ఇనుము లేదని రిపోర్టు వస్తుంది. మరక దేనిదో తెలియడానికి మెడికల్ షాపులో దొరికే విటమిన్ సి బిళ్ల చాలు. నీటి అడుగున మరక మీద అరనిమిషం రుద్దితే ఇనుపమరక వెలిసిపోతుంది. ఫెర్రిక్‌ను విటమిన్ సి మళ్లీ ఫెర్రస్‌గా మారుస్తుంది, అది కరిగిపోతుంది. రాగి మరక దీనికి అంతగా లొంగదు, నిమ్మ ఉప్పుకు కొంత లొంగుతుంది.

ఈత కొట్టేవాళ్ల ఆరోగ్యానికి ఈ మోతాదుల్లో ఇనుము పెద్ద ముప్పు కాదు. ముప్పు వేరేచోట ఉంది. నీళ్లు మసకబారి అడుగు కనిపించకపోతే మునిగిన మనిషి కూడా కనిపించడు. లోతు వైపు అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ గట్టు మీద నిలబడి చూస్తే స్పష్టంగా కనిపించని రోజున పూల్ మూసేయాలి, సెలవుల రద్దీ ఎంత ఉన్నా.

దించడం, తోడడం

ఇనుముతో పని మొదలుపెట్టాల్సిన చోటు పూల్ కాదు, సంపు. పదివేల లీటర్ల సంపులో ఇనుము మూడు పీపీఎం ఉందనుకుంటే మొత్తం 30 గ్రాములు. గ్రాము ఇనుమును తుప్పుగా మార్చడానికి 0.64 గ్రాముల క్లోరిన్ సరిపోతుంది, అంటే సుమారు 19 గ్రాములు. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ అయితే 65 గ్రాములు. మన ఎండలకు నిల్వలో దాని బలం పడిపోతుంది కాబట్టి వంద గ్రాముల దాకా వేయడం మంచిది. ముందుగా చిన్న బకెట్‌లో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే సంపులో పోయాలి. బోరు పైపును సంపులో ముంచకుండా పైనుంచి జల్లులా పడేలా పెడితే గాలి కూడా కొంత పని చేసిపెడుతుంది. ఒక రాత్రి కదపకుండా ఉంచితే తుప్పు అడుగుకు దిగుతుంది. పూల్‌కు తోడే ఫుట్‌వాల్వు సంపు నేల నుంచి కనీసం ఒక అడుగు ఎత్తులో ఉండాలి. లేకపోతే చేసిందంతా వృథా. పైపు మూతికి దళసరి గుడ్డ, అందులో దిండు దూది కట్టి వడకట్టడం చాలామంది చేసే పని. మంచిదే, కానీ తుప్పుగా మారిన ఇనుమును మాత్రమే గుడ్డ పట్టుకుంటుంది. క్లోరిన్ వేయకుండా కట్టిన గుడ్డలోంచి కరిగిన ఇనుము హాయిగా దాటిపోతుంది, మర్నాడు పూల్‌లో రంగు తేలుతుంది.

పూల్‌లో అప్పటికే రంగు వచ్చేసి ఉంటే పటిక మీద ఆధారపడవచ్చు. ఊళ్లో బురద నీళ్లు తేర్చే ఉపాయమే. మోతాదు ఊహతో వేయకూడదు. లీటరు పట్టే నాలుగు సీసాల్లో పూల్ నీళ్లు పట్టి 10, 20, 30, 40 మిల్లీగ్రాముల పటిక పడేలా ద్రావణం కలిపి గంట ఆగితే ఏ సీసా ముందు తేరుతుందో తెలుస్తుంది. 20 మిల్లీగ్రాముల సీసా బాగుంటే మన పూల్‌కు 1.7 కిలోలు. పటిక నీళ్ల క్షారతను (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ఆల్కలినిటీని) తింటుంది, తన బరువులో సగం దాకా. క్షారత 80 పీపీఎం కంటే తక్కువ ఉన్న పూల్‌లో వంటసోడాతో ముందుగా దాన్ని పెంచాలి. పటిక కలిపాక మోటారు రెండు గంటలు తిప్పి రాత్రంతా ఆపేస్తే తెల్లారేసరికి అడుగున గోధుమరంగు మేఘంలా పేరుకుని ఉంటుంది. దాన్ని వ్యాక్యూమ్‌తో తీసేటప్పుడు వాల్వు ఫిల్టర్ మీద కాకుండా వేస్ట్ మీద, అంటే నీళ్లు బయటికి పోయే దారి మీద ఉండాలి. ఆ మెత్తటి బురద ఇసుక ఫిల్టర్‌లోంచి దూరి తిరిగి పూల్‌లోకే వస్తుంది. ఈ ఒక్క చోట తొందరపడి పని మొత్తం మొదటికి తెచ్చుకునేవాళ్లు ఎక్కువ. నీటిమట్టం జానెడు తగ్గుతుంది, తగ్గనివ్వాలి. లోహం బయటికి పోతున్న దారి అదే.

పటిక వద్దనుకుంటే ఇసుక ఫిల్టర్‌ను రాత్రింబవళ్లు నడపడం, ఒత్తిడి పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయడం, అంటే నీళ్లు ఎదురు తిప్పి ఇసుకను కడగడం. నాలుగైదు రోజులు పట్టొచ్చు, కరెంటు బిల్లు మాట వేరే.

రాగికి ఈ పద్ధతులు పెద్దగా పనిచేయవు. నీళ్లు మార్చడమే గట్టి దారి. మూడు పీపీఎం రాగి ఉన్న పూల్‌లో సగం నీళ్లు తీసి సగం నింపితే ఒకటిన్నర అవుతుంది. ఇలా నాలుగుసార్లు చేస్తేగానీ 0.2 కిందికి రాదు. అంటే రెండు పూల్స్ నిండే నీళ్లు. ఒకేసారి పూర్తిగా ఖాళీ చేస్తే సగం నీళ్లతో పని అయిపోతుంది. కానీ వానాకాలంలో భూగర్భ జలం పైకి ఉన్నప్పుడు ఖాళీ పూల్ తొట్టిని అడుగు నీళ్లు పైకి నెట్టి పగలగొట్టగలవు. నడి వేసవిలో ఆ భయం తక్కువ, అయితే మధ్యాహ్నం ఎండకు ఎండిన టైల్స్ లేచిపోతాయి. ఫిబ్రవరి, మార్చి నెలలే దీనికి అనువైనవి. తోడిన నీళ్లు ఎటు పోతాయో చూసుకోవాలి. రాగి చేపలకు విషం, లీటరుకు మిల్లీగ్రాములో చిన్న భాగం చాలు చేప పిల్లలు చావడానికి. ఈ ప్రాంతంలో వాగు దిగితే చెరువు, చెరువు మీద ఆధారపడి చేపలు పట్టే కుటుంబాలు. మైలుతుత్తం నీళ్లను కాలువలోకి వదలడం నేరుగా వాళ్ల వలలో చేయి పెట్టడమే. పొలానికి పారించినా రాగి మట్టిలో పేరుకుంటుంది.

ముసుగు వేసే మందులు

మెటల్ రిమూవర్ అని సీసా మీద రాసి ఉన్నా లోపల ఉండేది చాలాసార్లు చిలేటింగ్ పదార్థం. గ్రీకులో ఆ మాటకు పీత గిట్ట అని అర్థం. గిట్టల మధ్య లోహాన్ని ఇరికించి పట్టుకుంటుంది కాబట్టి అది రంగూ చూపదు, గోడకూ దిగదు. పూల్ ఉపయోగంలో ఉన్న నెలల్లో, బోరు మార్చే వీలు లేనప్పుడు ఇది పనికొచ్చే సాధనమే. దాన్ని తప్పు పట్టాల్సిన పని లేదు, పేరునే తప్పు పట్టాలి. ఎండ, క్లోరిన్ కలిసి ఆ గిట్టలను వారాల్లో విరిచేస్తాయి. ఫాస్ఫోనేటు రకాలు చివరికి ఫాస్ఫేటుగా మిగులుతాయి. వారం వారం కొంచెం వేస్తూ పోవాలి, ఒకసారి మానేస్తే పట్టిన లోహమంతా బయటపడుతుంది. సీసా వేసిన వారంలో గట్టిగా క్లోరిన్ పోస్తే డబ్బు నీళ్లపాలు, నిజంగానే.

మరకలకు విటమిన్ సి పొడి చికిత్స కూడా ఈ కోవలోనిదే. వెయ్యి లీటర్లకు సుమారు 12 గ్రాములు వేస్తారు, మన పూల్‌కు కిలో. క్లోరిన్ దాన్ని వెంటనే తినేస్తుంది కాబట్టి ముందు క్లోరిన్ దాదాపు సున్నాకు రానివ్వాలి. గంటల్లోనే గోడలు తెల్లబడతాయి, చూడముచ్చటగా ఉంటుంది. అయితే మరకలోని ఇనుము ఇప్పుడు నీళ్లలో ఉంది. చిలేటింగ్ మందు వేసి నీళ్లలో కొంత భాగం మార్చకుండా మళ్లీ క్లోరిన్ పోస్తే అదే గోడ వారంలో అదే రంగుకు వస్తుంది. క్లోరిన్ లేని ఆ రెండు మూడు రోజులు ఎవరినీ దిగనివ్వకూడదు. యాసిడ్ వాడే పని పడితే హైపోకూ దానికీ మధ్య దూరం ఉండాలి. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు.

ఒక రకం మరకకు ఈ మందులేవీ పనికిరావు. నాణెమంత నారింజ చుక్క, చుట్టూ వెలిసిన వలయం, రుద్దితే పోయి నెలకు అదే చోట మళ్లీ. అది కాంక్రీటు లోపల కడ్డీకి జంగు పట్టిన గుర్తు. నీళ్లకు సంబంధం లేదు, మేస్త్రీని పిలిచి అక్కడ చెక్కి, కడ్డీని శుభ్రం చేసి పూడ్చాల్సిందే.

వాన నీళ్లు

ఇంత తతంగంలో లోహం లేని నీళ్లు ఒకే చోట ఉచితంగా దొరుకుతాయి. వరంగల్ వైపు ఏడాదికి దాదాపు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 150 చదరపు మీటర్ల స్లాబు మీద పడిన దాంట్లో ఐదో వంతు పోయిందనుకున్నా లక్షా 20 వేల లీటర్లు, మన పూల్ నిండి ఇంకా మిగులుతుంది. మొదటి రెండు వానలు స్లాబు కడిగి పోనివ్వాలి. రేకుల కప్పు అయితే తుప్పు పట్టిందేమో ఎక్కి చూడాలి, లేకపోతే బోరును తప్పించుకుని కప్పు ఇనుమును పోసుకున్నట్టే. వాన నీళ్లు ఒంటరిగా వాడితే మరీ మెత్తనివి, క్షారత, కాల్షియం లేక టైల్స్ మధ్య సిమెంటును తింటాయి. ఇక్కడి బోరు నీళ్లు సాధారణంగా గట్టివి. అందువల్ల రెండూ సగం సగం కలిపితే గట్టిదనం మధ్యస్థంగా ఉంటుంది, ఇనుమూ సగానికి తగ్గుతుంది. కలిపాక పీహెచ్ 7.2, 7.6 మధ్య ఉందో లేదో, క్షారత 80 దాటిందో లేదో చూసుకుని, అప్పుడు హైపో పోయాలి. అదీ ఒకే మూల కాకుండా గట్టు చుట్టూ నడుస్తూ.